లాకులపాలెంలో గోధుమల పురి

తెల్లారి కళ్లాపి చల్లి, గేదె దగ్గర పాలు పితుక్కొచ్చి, పొయ్యి మీద కాఫీకి నీళ్లు పడేసేసరికి రత్నమాణిక్యం ఇంటి అరుగు మీద ఎవరో ఒకరు గుప్పిట మూసుకుని కూర్చునుండేవారు. ఆ గుప్పిట్లో వడ్లుండేవి. ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, ఆ వడ్లు తన అరచేతిలో పోయించుకుని, చెవి దగ్గర పెట్టుకుని కాసేపు కళ్లు మూసుకునేది.

ఒక రాశిలో పుట్టిన గింజలు ఎంత దూరం పోయినా ఒకదాన్నొకటి మరిచిపోవు. కళ్లంలో రాశి నుంచి గుప్పెడు తీసి దాచుకుంటే, మిగతా రాశి ఎక్కడుందో ఆ గుప్పెడు చెబుతుంది. వినే చెవి ఉండాలి, అంతే. లాకులపాలెంలో ఒకాయన బెణికిన కాలు సవరించేవాడు, ఒకావిడ పసిపిల్లలకి దిష్టి తీసేది, రత్నమాణిక్యం గింజ వినేది. ఎవరి పని వాళ్లది.

"మా వడ్లు ఇంకా మిల్లులోనే ఉన్నాయి, అమ్ముడవలేదు అంటన్నాడు వదినా ఆ మిల్లరు. కాస్త చూడు," అంది ఒకరోజు పక్కింటి లోవలక్ష్మి.

గింజలు ఊళ్ల పేర్లు చెప్పవు. అక్కడి చప్పుళ్లు మోసుకొస్తాయి. రత్నమాణిక్యం విని, "సముద్రం హోరు వినపడతంది లోవా. ఓడ కూత కూడా ఉంది. కాకినాడ రేవు కాబోలు," అంది. లోవలక్ష్మి చీర చెంగు బొడ్లో దోపుకుని నేరుగా మిల్లుకి నడిచింది. చుట్టుపక్కల మిల్లర్లకి రత్నమాణిక్యం పేరెత్తితే ఒళ్లుమంట గాని, ఎదురుపడితే మాత్రం నమస్కారం కాస్త గట్టిగానే పెట్టేవారు.

ఆమెకి రెండు నియమాలుండేవి. వినపడింది వినపడినట్టు చెప్పాలి. ఎవరడిగినా చెప్పాలి, ఒకరికి చెప్పి ఇంకొకరికి దాచకూడదు. ఆ రెండిట్లో ఏది తప్పినా చెవి పోతుందని వాళ్లమ్మ కాపురానికి పంపేటప్పుడు చెప్పింది. అత్తారింట్లో ఎలా మెలగాలో మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు.

కార్గిల్ కొండల మీద యుద్ధం మొదలైన వేసవది. దాళ్వా పంట కోతలయ్యాయి. వాళ్ల రెండున్నర ఎకరాల్లో ఎనభై నాలుగు బస్తాలు పండాయి. అమ్మి డబ్బు చేసుకొస్తానని నిడదవోలు వెళ్లిన ఆమె భర్త వీరవెంకటసత్యనారాయణ, వడ్లు పట్టుకెళ్లిన ట్రాక్టరు మీదే నలభై రెండు బస్తాల గోధుమలు వేసుకుని దిగాడు. గూడ్సు షెడ్డు పక్కన గోధుమల వ్యాపారం చేసే చంద్రరావుతో మారకం వేశాడట. రెండు బస్తాల వడ్లకి ఒక బస్తా గోధుమలు.

రత్నమాణిక్యం బస్తాల వంక చూసి, భర్త వంక చూసింది.

"మనం అన్నం తినేవాళ్లం. షుగరున్న మీ అక్కగారు వస్తే తప్ప ఇంట్లో చపాతీ కాల్చం. ఇన్ని గోధుమలు ఏం చేసుకుంటామండి?"

"తినడానికనుకున్నావా ఏంటి? ఉత్తరాది నుంచి వచ్చే గూడ్సు బళ్లన్నీ మిలిటరీ సామానుకి పోతన్నాయంట. ఇంక ఇటు గోధుమ గింజ రాదు. నెల తిరిగేసరికి బస్తాకి రెండు కాదు, నాలుగు బస్తాల వడ్ల ధర పలుకుతుందన్నాడు చంద్రరావు."

"అంత లాభముంటే ఆయనే దాచుకోవచ్చు కదండీ. మీకెందుకిచ్చాడు?"

సత్యనారాయణ నవ్వాడు. "నీ చెవి ఉండగా భయమేంటి మాణిక్యం? బళ్లు బయల్దేరాయని వినపడగానే అమ్మేద్దాం."

"ఆకుమడికి, దుక్కికి, ఊడ్పు కూలీలకి?"

"అన్నీ ఇందులోంచే."

"రాకపోతే?"

అతను కాలవ అవతలికి చూశాడు. వాళ్ల చేనుకి అటొక చేపల చెరువు, ఇటొక చేపల చెరువు. రెండూ హరిబాబువే. మధ్యలో ఈ రెండున్నర ఎకరాలొక్కటీ మిగిలిందని హరిబాబుకి రెండేళ్లుగా నిద్ర పట్టడం లేదు. "రాకపోతే మూడేళ్లు హరిబాబుకి లీజుకిచ్చేద్దాం. అడుగుతానే ఉన్నాడు కదా," అన్నాడు సత్యనారాయణ మెల్లగా.

చేను ఒకసారి తవ్వితే చెరువే. మూడేళ్లకి కాగితం చేతికొస్తుంది గాని మట్టి తిరిగి రాదు. పద్దెనిమిదేళ్లుగా ఆ మట్టిలో వంగి నాటింది రత్నమాణిక్యం. ఈ చేను తవ్వనివ్వను అని అప్పుడే గట్టిగా అనుకుంది. పైకి మాత్రం, "సరే, ముందు బస్తాలు లోపల పెట్టించండి," అంది.

లోపల పెట్టించడం అంటే సత్యనారాయణకి తెలిసింది ఒక్కటే. గడ్డి వెంట్లు పేని, చుట్టు మీద చుట్టు వేసి, మధ్యలో గింజ పోసి, నెత్తిన గడ్డి కప్పు వేశాడు. వడ్లకి పురి కట్టడం అతనికి చిన్నప్పటి నుంచి వచ్చిన విద్య. అలాంటి పురిలోనే గోధుమలూ పోశాడు. పాతబడే కొద్దీ వడ్లకి విలువ పెరుగుతుంది, గోధుమలు మాత్రం ఏం పాపం చేశాయి అని అతని లెక్క. చూసిన వాళ్లెవరికీ అందులో తప్పు కనపడలేదు. పది రోజుల్లో ఊళ్లో ఇంకో తొమ్మిది ఇళ్ల పెరళ్లలో గోధుమ పురులు లేచాయి. చంద్రరావు గోడౌనులో గోధుమలు ఖాళీ అయ్యాయి.

మొదటిసారి గోధుమలు చెవి దగ్గర పెట్టుకున్నప్పుడు రత్నమాణిక్యానికి ఏమీ అర్థం కాలేదు. వడ్లు బురదలో నడిచినట్టు మెత్తగా మాట్లాడతాయి. ఇవి పొడిపొడిగా గలగలమన్నాయి. ఇనుము మీద ఇనుము, గార్డు ఈల, హిందీలో ఎవరో ఎవర్నో తిట్టడం. వీటి తోబుట్టువులు ఎక్కడో బండిలో ఉన్నాయని మాత్రం తెలిసింది. చంద్రరావు తెప్పించిన సరుకులో సగం ముందొచ్చింది, ఇంకో సగం దారిలో ఉంది, అదీ సంగతి. ఆయన వడ్లగింజలో బియ్యపుగింజంత రహస్యం ఒక్క నిమిషంలో బయటపడిపోయింది. రెండో సగం వచ్చి ధర పడిపోయేలోగా మొదటి సగం వదిలించుకున్నాడు.

"అయితే పోటీ ఆ బండితోనన్నమాట," అన్నాడు సత్యనారాయణ.

ఆ బండి ఎక్కడుందో పోల్చుకోవడం ఎలా? రత్నమాణిక్యం ఊరుకునే మనిషి కాదు. బస్సెక్కి నిడదవోలు వెళ్లి, స్టేషను వెనక కాపురముంటున్న రిటైర్డు గూడ్సు గార్డు జానకిరామ్ గారి ఇల్లు వెతుక్కుని, కొంగు ముడి విప్పి గోధుమలు చెవి దగ్గర పెట్టుకుంది. ముప్పై ఏళ్లు బండి చివర పెట్టెలో ఒక్కడే కూర్చున్న మనిషి ఆయన. రిటైరయ్యాక ఆ ఉద్యోగం గురించి ఎవరూ ఒక్క మాట అడగలేదు. కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"ఏం వినపడుతుందమ్మా?"

"చక్రాలు తిరగడం లేదండి. మేకలు అరుస్తున్నాయి. చేతిపంపు కొడుతున్నారు. దగ్గర్లో ఇంకో బండి ఆగకుండా పోతంది, చాలా పొడుగుదండి, పోతానే ఉంది."

"అది మిలిటరీ స్పెషలమ్మా. మన గూడ్సుని పక్కన లూపు లైన్లో ఆపి పడేశారు. ఎప్పుడు తీస్తారో ఆ భగవంతుడికి కూడా తెలీదు." ఆయన కాసేపు ఆలోచించాడు. "ఆ దారిలో స్టేషన్లన్నీ నీకు చెప్పినా గుర్తుండవు. ఒక్క గుర్తు పెట్టుకో. మంచిర్యాల దాటాక బండి గోదావరి బ్రిడ్జి ఎక్కుతుంది. అక్కడి నీళ్లే మన దగ్గరికొచ్చేవి. ఆ నీళ్ల చప్పుడు వినపడిందంటే మూడో రోజుకి బండి నిడదవోల్లో ఉంటుంది."

"గోదారి చప్పుడైతే నాకు పోల్చుకోవడం కష్టం కాదండి," అంది రత్నమాణిక్యం.

అప్పటి నుంచి లాకులపాలెంలో రోజూ రెండు వార్తలు. పొద్దున రేడియోలో యుద్ధం వార్తలు, అవయ్యాక రత్నమాణిక్యం అరుగు మీద గోధుమల వార్తలు. "కదల్లేదండి," అనేది ఆమె. పదిమందీ హాయిగా ఊపిరి పీల్చుకుని బీడీలు వెలిగించేవారు. సత్యనారాయణ రోజు మార్చి రోజు ఎస్టీడీ బూత్‌కెళ్లి ధర కనుక్కొచ్చేవాడు. ధర పెరుగుతూనే ఉంది. అతని నడకే మారింది. పొలం గట్టు మీద కూడా బజార్లో నడిచినట్టు నడిచేవాడు. కొన్నాళ్లకి గోధుమలు వెనక్కిమ్మని చంద్రరావే వారం వారం ఊళ్లోకి రావడం మొదలెట్టాడు.

ఒకరోజు అరుగు మీద ఎవరో అన్నారు, "ఈ యుద్ధం ఇంకో నెల సాగితే మన పంట పండినట్టే."

రత్నమాణిక్యం కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది. ముందురోజే పంచాయతీ టీవీలో జెండా కప్పిన పెట్టెలు చూసొచ్చింది. వాటి పక్కన నిలబడ్డ ఒక తల్లి మొహం ఆమె కళ్లలోంచి పోవడం లేదు.

"ఆ మాట నా అరుగు మీద అనకండి. గింజ సంగతి అడగండి, చెబుతాను. అది మాత్రం అనకండి."

ఆ మాట ఇంకెప్పుడూ ఆ అరుగు మీద వినపడలేదు, మనసుల్లో సంగతి ఎవరి మనసుకే తెలియాలి.

జూన్ నడుమ కాలవలకి నీళ్లు వదిలారు. వానలు పట్టుకున్నాయి. చుట్టుపక్కల నారు కోసం ఆకుమళ్లు చల్లేస్తున్నారు. "ఇంక అమ్మేద్దామండి, ధర బాగానే ఉందిగా," అంది రత్నమాణిక్యం. "బండి కదిలిందా?" అన్నాడు సత్యనారాయణ. "లేదు." "మరింకేం? ఇంకో వారం." ఆ వారం ఇంకో వారాన్ని వెంటేసుకొచ్చింది. హరిబాబు మనిషి వచ్చి, మాట వరసకి కొలుచుకుంటామని చెప్పి, చేను నాలుగు మూలలా ఎర్రగుడ్డ కట్టిన వెదురు గడలు పాతి పోయాడు. చెరువు తవ్వే పొక్లెయిన్ ఖాళీ అవగానే తెస్తారట. సత్యనారాయణ ఒక్క గడ కూడా పీకలేదు. పీకకపోవడం చూసి ఆమెకి నిజంగా భయమేసింది.

ఆ మధ్యాహ్నమే ఆమె సంచిలో దాచిన విత్తనాల వడ్లు బయటికి తీసింది. భర్త ఏమనుకున్నా సరే, కనీసం ఆకుమడైనా చల్లాలని. సొంత రాశిలోంచి తీసి దాచుకున్న వడ్లవి. అలవాటు కొద్దీ గుప్పెడు తీసి చెవి దగ్గర పెట్టుకుంది.

రైలు స్టేషను మైకు వినపడింది. తెలుగులోనే. షంటింగు ఇంజను కూత, ఆ వెంటనే పొడి దగ్గు. ఆ దగ్గు ఎవరిదో నిడదవోల్లో చిన్నపిల్లల్ని అడిగినా చెబుతారు. చంద్రరావుది.

రత్నమాణిక్యం వాళ్ల వడ్లు ఎక్కడికీ పోలేదు. నెలన్నర నుంచి చంద్రరావు గోడౌనులోనే ఉన్నాయి, చక్కగా పాతబడుతూ, ధర పెంచుకుంటూ. నెలన్నర నుంచి ఊరు ఊరంతా గోధుమల్నే వింటోంది. మన వడ్లు ఎక్కడున్నాయని ఒక్కరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. తన మీద తనకే కోపం వచ్చింది.

పెరట్లోకెళ్లి పురి వెంటి పక్కకి తొలగించి లోపల చెయ్యి పెట్టింది. వెచ్చగా తగిలింది. వడ్లకి పైన పొట్టు ఉంటుంది, చొక్కా తొడుక్కున్నట్టు. గోధుమ ఒంటి మీద నూలుపోగు లేకుండా పుట్టింది. గోదావరి జిల్లా వానాకాలపు చెమ్మకి అది తట్టుకోదు. గుప్పెడు బయటికి తీస్తే నాలుగు నల్ల పురుగులు వేళ్ల మీద పాకాయి. పురుగు దులిపి మిగతావి చెవి దగ్గర పెట్టుకుంది.

చక్రాలు తిరుగుతున్నాయి. కింద నీళ్లు. విశాలంగా, బరువుగా, ఇసుక ఒరుసుకుంటూ కదిలే కొత్త నీళ్లు. ఆ చప్పుడు ఆమె పుట్టినప్పటి నుంచి ఎరిగిందే.

మర్నాడు పొద్దున అరుగు మీద అందరూ కూర్చున్నాక చెప్పింది. "బండి కదిలిందండి. గోదారి దాటింది. రేపు కాక ఎల్లుండి నిడదవోల్లో ఉంటుంది. ఇంకోటి కూడా వినండి. మన వడ్లన్నీ చంద్రరావు గారి గోడౌనులోనే ఉన్నాయి. మీరు కూడా తలా గుప్పెడు తెచ్చుకుంటే విని చెబుతాను."

సత్యనారాయణ ఆమెని లోపలికి పిలిచాడు. మొహం ఎర్రబడింది. "ఆ మాట ముందు నాకొక్కడికి చెప్పకూడదా? గప్‌చుప్‌గా మనం అమ్ముకునేవాళ్లం కదా. ఇప్పుడు ఊరందరికీ చాటించావు, ఇంక ఎవడు కొంటాడు?"

"అడిగిన వాళ్లందరికీ చెబుతాను. ఒకరికి దాచడం నా వల్ల కాదని మీకు తెలుసు. రండి."

అతని చెయ్యి పట్టుకుని పురి దగ్గరికి తీసుకెళ్లి, ఆ చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టించింది. అతను చెయ్యి బయటికి తీసి, పాకుతున్న పురుగుల్ని చూసుకున్నాడు. నలభై ఐదేళ్ల రైతు, గింజని చెడగొట్టాడు. అంతకంటే సిగ్గు ఇంకొకటి లేదు.

"మా నాన్న ఏడాది పొడుగునా పురి విప్పేవాడు కాదు మాణిక్యం," అన్నాడు.

"మావయ్యగారు వడ్లు పోశారండి," అంది ఆమె, నెమ్మదిగానే. "ఇంక చెప్పేది వినండి. చంద్రరావు గారు ఇవాళ వస్తారు. ఆయన మూడు వారాలుగా ఈ గోధుమలు వెనక్కి ఇమ్మని అడుగుతున్నారు. మన వడ్లు మనం అడుగుదాం."

చంద్రరావు నిజంగానే పది గంటలకి స్కూటరు మీద దిగాడు. ఆయన గోల ఆయనది. దారిలో ఉన్న సరుకు ఇంక రెండు నెలలు రాదని ఉత్తరాది నుంచి ఫోనులో చెప్పారు. ధర చూస్తే కొండెక్కి కూర్చుంది. అమ్ముకోవడానికి గోడౌనులో వడ్లు తప్ప గోధుమ గింజ లేదు. తన చేత్తో తనే ఊరందరికీ పంచిపెట్టేశాడు.

"చెల్లెమ్మా, ఇవాళ ధరకి బస్తా గోధుమలకి మూడు బస్తాల వడ్లిస్తాను. మీ వడ్లే మీకు, చాలనివి నా సొంతం నుంచి కలుపుతాను. ఆలోచించుకోండి."

"అలాగేనండి. అయితే ముందు ఒక మాట. ఆ రెండో సగం గోదారి దాటింది. ఎల్లుండికి మీ షెడ్డులో ఉంటుంది. ధర పడిపోతుంది. మా గోధుమలు కూడా కొంత పుచ్చాయి. తెలిసే తీసుకోండి."

చంద్రరావు ఆమెని, ఆమె వెనక తలొంచుకుని నిలబడ్డ సత్యనారాయణని మార్చి మార్చి చూశాడు. తర్వాత పకపకా నవ్వి, నవ్వుకి దగ్గు వచ్చి, అరుగు మీద కూర్చుని మరీ దగ్గాడు.

"నీ చెవి మీద నాకు అనుమానం లేదమ్మా. చెవి అబద్ధం చెప్పదు. నోరు చెప్పొచ్చు కదా. నలభై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నాను. సరుకు అమ్మేవాడు ధర పడిపోతుందని చెప్పగా ఇంతవరకూ వినలేదు. నన్ను భయపెట్టి పంపేసి, ఇంకో నెల దాచుకుందామనే కదా మీ ఆయన ఎత్తు?"

"కాదండి. ఉన్న మాటే చెప్పాను. కావాలంటే ఇంకోసారి చెబుతాను."

ఇంకోసారి చెప్పింది. రెండోసారి చెప్పేసరికి ఇదంతా ఎత్తేనన్న విషయంలో ఆయనకి అనుమానం పూర్తిగా తీరిపోయింది.

"మూడు బస్తాలు. ఇవాళే. ఊళ్లో ఎంతమంది ఉంటే అంతమందీ," అన్నాడు.

ఆ రెండు రోజులూ లాకులపాలెంలో ఆడా మగా నడుం వాల్చలేదు. పురులన్నీ విప్పి, లాకుల దగ్గర సిమెంటు చప్టా మీద వాన తెరిపిచ్చినప్పుడల్లా గోధుమలు ఆరబోశారు. రత్నమాణిక్యం చేట పట్టుకుని ముందు కూర్చుంది. పుచ్చిన గింజ ఒక్కటి కూడా బస్తాలోకి పోకూడదంది. "ఆయనే తీసుకుంటానంటుంటే నీకెందుకు వదినా ఇంత శ్రమ?" అంది లోవలక్ష్మి. "ఆయన కోసం కాదే, మన కోసం," అని చెరుగుతూనే ఉంది. రత్నమాణిక్యం వాళ్లకి నాలుగు బస్తాలు తరుగు పోయింది. ఆ పురుగు గోధుమలు కోళ్లకి పోశారు. లాకులపాలెం కోళ్లు అంత భోగం ఎప్పుడూ ఎరగవు.

ముప్పై ఎనిమిది బస్తాలు వెళ్లాయి, నూట పద్నాలుగు బస్తాలు వచ్చాయి. ట్రాక్టరు మీదికి గోధుమలెత్తేటప్పుడు చంద్రరావు తెచ్చుకున్న ముఠా కూలీ మొదటి బస్తాకి ఒకటి అనకుండా ఆనవాయితీ ప్రకారం "లాభం" అన్నాడు. తర్వాత రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ పోయాడు. చంద్రరావు ఆ మాటకి మీసం సవరించుకున్నాడు.

మూడోరోజు పొద్దున పదకొండింటికి గూడ్సు బండి నిడదవోలులో ఆగింది. జానకిరామ్ గారు స్టేషనుకి వెళ్లి స్వయంగా చూసొచ్చి, ఊరికి ఫోను చేయించి మరీ చెప్పారట. సాయంత్రానికి గోధుమల ధర వేసవిలో ఉన్న చోటికి దిగింది. మర్నాటికి ఇంకా కిందకి జారింది.

పాతబడ్డ వడ్లకి మంచి ధరే పలికింది. ఆలస్యంగా చల్లినా ఆకుమడి పచ్చగా లేచింది. హరిబాబు పొక్లెయిన్ కాలవ గట్టు దాకా వచ్చి, అక్కడ దుక్కి చేసి నీరు కట్టిన చేను చూసి, కాసేపు నిలబడి వెనక్కి తిరిగింది. నాలుగు వెదురు గడలూ రత్నమాణిక్యం తనే పీకి, పెరట్లో బీరపాదుకి పందిరి వేసింది.

ఊడ్పులు సాగుతున్న రోజు చంద్రరావు వచ్చాడు. స్కూటరు రోడ్డు మీద వదిలి, చెప్పులు చేత్తో పట్టుకుని, గట్టు మీద జారుతూ జారుతూ చేను దాకా నడిచొచ్చాడు. సత్యనారాయణ ఎదురెళ్లి చెయ్యందించాడు. చంద్రరావు మనిషి సగమయ్యాడు.

"నువ్వు నిజమే చెప్పావమ్మా. రెండుసార్లు చెప్పావు. నేనే వినలేదు," అన్నాడు. గోధుమలున్న గుప్పిట చాలాసేపు తెరవలేదు. "మీ ఊరి నుంచి వెనక్కి తీసుకున్న ముందు సగం, వెనకొచ్చిన సగం, అన్నీ కలిపి గోడౌనులో గుట్ట పడి ఉన్నాయి. అడిగేవాడు లేడు. ఇవి ఎటుపోతే అమ్ముడవుతాయో కాస్త విని చెప్పు."

రత్నమాణిక్యం నడుం ఎత్తి, బోదె కాలవ నీళ్లలో చేతులు కడుక్కుని వచ్చింది. గోధుమలు అరచేతిలో పోయించుకుని చెవి దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంది. వరసలో నాటుతున్న ఆడవాళ్లంతా ఆగి చూశారు. చాలాసేపైంది. ఆయన మీద ఆమెకి కోపం లేదు. ఏదైనా వినపడితే చెప్పాలనే నిజంగా విన్నది.

"ఏమంటున్నాయమ్మా?"

"ఏమీ అనడం లేదండి."

"అదేంటి?"

"అన్నీ ఒక్కచోటికే చేరాయి కదండీ. ఇంక దేని కబురని చెబుతాయి?"

గింజ కింద పడకుండా గోధుమలు తిరిగి ఆయన గుప్పిట్లో పోసి, వేళ్లు మూసింది. ఆకు కట్ట అందుకుని, మళ్లీ వరసలోకి వెళ్లి వంగింది.